కంచె చేను మేసింది, మా ఊళ్ళో నిజంగానే

నా ఎడమ అరికాలిలో, మడమకు కాస్త ముందుగా, ఆవగింజంత గట్టిగా ఒకటి ఉంది. దాని వయసు ఇప్పుడు నలభై ఏళ్ళ దగ్గర. మామూలుగా ఏమీ అనదు గానీ, ఎప్పుడైనా చెప్పుల్లేకుండా గులకరాయి మీద కాలు పడితే మాత్రం జివ్వుమని ప్రాణం లాగుతుంది. మొన్న మా వాడు చూసి "ఇదేంటి నాన్నా" అంటే "కంచె రా" అన్నాను. వాడు నా మొహం వంక అదోలా చూశాడు. వాడికి కంచె అంటే అపార్టుమెంటు ప్రహరీ మీద చుట్టలు చుట్టి ఉండే ఇనుప తీగ, అది కాల్లోకి ఎలా వెళ్తుంది? ఆ పూట నాకు చెప్పే ఓపిక లేకపోయింది. కానీ అప్పటి నుంచీ పచ్చి తుమ్మ నరికినప్పుడు వచ్చే ఆ వగరు వాసన ముక్కుల్లో తిరుగుతూనే ఉంది. అందుకే రాస్తున్నా.

మాది కడప జిల్లా, కమలాపురం దగ్గర పాపాఘ్ని ఒడ్డున చిన్న పల్లె. మా వైపు తాతను అబ్బ అంటాం, నాయనమ్మను అవ్వ అంటాం. (హాస్టల్లో నేను "మా అబ్బ" అన్నప్పుడల్లా పక్క జిల్లాల వాళ్ళు నాకేదో దెబ్బ తగిలిందనుకునేవాళ్ళు.) అబ్బకు ఏటికి ఎగువన ఆరెకరాల మెట్ట చేను. శెనక్కాయలు, జొన్నలు, గట్ల వెంబడి కంది, ఆముదం. ఆ ఆరెకరాల చుట్టూ కంప కంచె. 1980ల్లో, ఐదో తరగతి నుంచి పదో తరగతి దాకా, ప్రతి ఎండాకాలం సెలవుల్లోనూ ఆ కంచె దగ్గర పని చేశాను. పని చేశాను అనడం పెద్ద మాటేలే. ఎక్కువ భాగం నీళ్ళ బుంగ మోయడం, తిట్లు తినడం.

ఉగాది దాటాక చేలల్లో ఏమీ ఉండదు కదా, అప్పుడు మొదలయ్యేది. ఏరువాక లోపల అయిపోవాలి. ఎందుకు అప్పుడే అంటే, కంపను పచ్చిగా ఉండగానే పరవాలి. పచ్చి కంప వంగుతుంది, పక్కదాంట్లోకి ఒదుగుతుంది. అలా ఒదిగాక అక్కడే ఎండి, ఆకు రాలి, ముల్లు ఇనుములా గట్టిపడుతుంది, ఆ సమయానికి చేలో విత్తనం పడి మొలక పైకొస్తుంది. ముందే నరికి ఎండబెట్టిన కంప అయితే ఒదగదు. అదిమితే విరుగుతుంది, లేదంటే ఎగిరి మొహానికి కొడుతుంది. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, మొహానికి కొట్టాకే తెలిసింది.

కంప అంటే అన్నీ ఒకటే అనుకునేవాణ్ణి. అబ్బకు ఒక్కోదానికి ఒక్కో లెక్క. తుమ్మ కంపకు ముల్లు పొడుగు, తెల్లగా సూదిలా ఉంటుంది, కానీ తొందరగా చెద పడుతుంది కాబట్టి పైన వేయాలి. బలుసు కంపకు కొమ్మకు అటొకటి ఇటొకటి ఎదురెదురుగా ముళ్ళు, అది కింద వేస్తే మేకపిల్ల కూడా దూరలేదు. రేగు కంప అంటే ఆయనకు ప్రత్యేకమైన గౌరవం. రేగులో రెండు ముళ్ళు పక్కపక్కనే ఉంటాయి, ఎప్పుడైనా దగ్గరగా చూశారా? ఒకటి నిటారుగా, ఒకటి వంకరగా. "ఒకటి లోపలికి పొయ్యేటప్పుడు, ఇంగోటి బయటికి వచ్చేటప్పుడు" అనేవాడు అబ్బ. ముళ్ళకంప మీద పడ్డ గుడ్డ అంటారే, ఆ సామెత కట్టినవాళ్ళ మనసులో ఉన్నది రేగు కంపే అయ్యుండాలి, తుమ్మ కాదు, తుమ్మ మీద నుంచి గుడ్డ తేలిగ్గానే వచ్చేస్తుంది.

ఇంకా కలివి కంప ఉండేది, కానీ అది లంకమల వైపు అడవుల్లో ఎక్కువ, ఎవరైనా బండి తోలుకొస్తే దొరికేది. ఆ కలివి పొదల్లో తిరుగుతుంది కాబట్టే ఆ పిట్టకు కలివి కోడి అని పేరు. ఇక లేదనుకున్న ఆ పిట్ట 1986లో మా జిల్లాలోనే మళ్ళీ కనిపించిందని పేపర్లో వస్తే మా అయివారు క్లాసులో చదివి వినిపించారు. ఇంటికొచ్చి అబ్బకు చెప్తే, పిట్ట సంగతి వదిలేసి "ఆ పొదలు కొట్టనీకుండా చేస్తారేమో ఇంక" అని దిగులుపడ్డాడు. ఆయన బాధ ఆయనది.

నరకడానికి మచ్చుకత్తి, మొద్దు కొమ్మలకు గొడ్డలి. నరికింది చేత్తో ఎత్తరు, పంగల కర్రతో ఎత్తుతారు. చివర రెండుగా చీలిన పొడుగు కర్ర అది, ఒక పంగ కంప కిందికి తోసి ఎత్తి, ఇంకొక చిన్న కర్రతో పైనుంచి అదిమి పట్టుకుని, అలా గాల్లో తీసుకెళ్ళి పెట్టాలి. దూరం నుంచి చూస్తే ఏదో పెద్ద జంతువును ఇద్దరు మోస్తున్నట్టు ఉండేది. బండి లేనప్పుడు ఒక వెడల్పాటి కొమ్మను నేల మీద వేసి, దాని మీద మిగతావన్నీ పేర్చి, మొదలుకు మోకు కట్టి ఈడ్చుకొచ్చేవాళ్ళు. దారి పొడవునా దుమ్ములో చీపురుతో ఊడ్చినట్టు గీతలు పడేవి, ఆ గీతలు చూసి ఈరోజు ఎవరింట్లో కంప పనో ఊళ్ళో అందరికీ తెలిసిపోయేది.

పరవడం అసలు పని. గట్టు వెంబడి జానెడు లోతు చాలు తీసి, కంప మొదళ్ళు చేను వైపు, కొనలు బయటి వైపు వచ్చేలా పెట్టాలి. ఒక్కో కంప కొన దాని ముందు పెట్టినదాని మొదలును కప్పాలి, తాటాకుల ఇల్లు కప్పినట్టే. రెండు వరసలు అయ్యాక టైరు చెప్పులేసుకుని పైకెక్కి తొక్కాలి. తొక్కి, మళ్ళీ ఒక వరస. నాలుగైదు బారలకు ఒకసారి అటూ ఇటూ గూటాలు దిగ్గొట్టి వాటిని కిత్తనార తాడుతో కలిపి బిగించాలి. కిత్తనార మాకు రైలు కట్ట వెంబడి కావలసినంత. ఆ మట్టలు నీళ్ళలో నానేసి, బండ మీద బాది నార తీసేవాళ్ళు, రసం చేతికి తగిలితే మాత్రం సాయంత్రం దాకా గోక్కోవడమే. నడుములెత్తు వచ్చాక పైన బరువుకు రాళ్ళు.

"యాడ పట్టుకుంటాండావు? మొదలు పట్టుకో. కొన పట్టుకుంటే అది నిన్ను పట్టుకుంటాది." ఈ మాట ఆ ఆరేళ్ళలో ఎన్నిసార్లు విన్నానో.

కంచెలో మనుషులకు దారి ఉండేది. వేపచెట్టు దగ్గర పంగలుగా చీలిన బలమైన రాట ఒకటి పాతారు, నేల నుంచి మోకాలెత్తు దాకా ఒకే మాను, అక్కడి నుంచి రెండు చీలికలు. మనిషి కాలెత్తి ఆ పంగలో నుంచి పక్కకు తిరిగి దాటిపోతాడు, ఎనుము పోలేదు. కడుపుతో ఉన్న ఆడవాళ్ళు, లావుపాటి షావుకారు మాత్రం చుట్టూ తిరిగి బండి దారిన రావలసిందే. ఆ పంగలో ఎంతమంది చేతులు పెట్టి దాటారో, కర్ర నున్నగా మా ఇంట్లో రోకలిలా మెరిసేది.

వేపచెట్టుకు తూర్పు వైపు కంచె మాది, పడమటి వైపు పక్క చేను మామది. (ఊరి వరసకు మామ, చుట్టరికం ఏమీ లేదు.) ఈ పని ఒక్కరి వల్ల కాదు కాబట్టి ఇద్దరూ కలిసే చేసేవాళ్ళు, నాలుగు రోజులు మా వైపు, నాలుగు రోజులు వాళ్ళ వైపు. ఒక ఏడు ఏమైందంటే, కార్తీకంలో మామ ఎనుము కంచె తోసుకుని మా జొన్నలో పడింది. అబ్బ ఆ కోపంలో దాన్ని తోలుకెళ్ళి బందెల దొడ్డిలో పెట్టించాడు. బందెల దొడ్డి అంటే ఈ కాలం వాళ్ళకు తెలుసో లేదో, పరాయి చేలో పడ్డ గొడ్లను కట్టేసే సర్కారు దొడ్డి, జుల్మానా కట్టి విడిపించుకోవాలి. తెల్లవాళ్ళు 1871లో చేసిన చట్టం అది, పేరుకు ఇప్పటికీ ఉంది. మామ డబ్బు కట్టి ఎనుమును తెచ్చుకున్నాడు, ఆ రోజు నుంచి అబ్బతో మాట బంద్. కానీ ఉగాది వచ్చింది, కంప పరవాలి, ఎవరికి ఎవరు? పొద్దున్నే పంగల కర్ర భుజాన వేసుకుని మామ వచ్చి నిలబడ్డాడు. అబ్బ చెప్పులు తొడుక్కున్నాడు. ఎనిమిది రోజులు ఇద్దరూ నా ద్వారా మాట్లాడుకున్నారు. "ఒరేయ్, ఆడ రోంత పల్చగా ఉందని మీ అబ్బకు చెప్పు." అబ్బ రెండు బారల దూరంలో ఉన్నాడు, విననట్టే నా వైపు తిరిగేవాడు, నేను చెప్పాలి. "ఆయనకు కండ్లు బాగానే కనపడుతాండాయి గానీ, ఆ ఎనుముకే కనపళ్యా అని చెప్పు." అది నేను చెప్పలేదు, చెప్పక్కర్లేకుండానే వినపడిందని మామ పెదాలు చూస్తే తెలిసింది.

ముల్లు దిగింది ఆ ఏడే. ఇద్దరి మధ్యలో నా ఘనత చూపించాలని పాత రబ్బరు చెప్పులతో ఎగిరి కంప మీద దూకాను. చెప్పులో నుంచి కాల్లోకి తుమ్మ ముల్లు నిలువునా. అరిచిన అరుపుకు మామే ముందు వచ్చి ఎత్తుకున్నాడు, ఏటి ఇసకలో పడి ఇంటి దాకా మోసుకొచ్చాడు. అవ్వ పిన్నీసు కాల్చి సగం తీసింది, మిగతా సగం పైకొస్తుందని జిల్లేడు పాలు వేసింది. రాలేదు. ఇంకా రాలేదు. ఆ సాయంత్రం అరుగు మీద అబ్బ మామను "కాఫీ తాగిపో" అన్నాడు, నన్ను మధ్యలో పెట్టకుండా.

అన్నీ ఎండు కంపలే అనుకోకండి. ఏటి వైపు కంచె పచ్చిది, సీమచింత. ఒత్తుగా విత్తనం పెట్టి, పెరిగేకొద్దీ కత్తిరించి గుబురు చేసింది. దాంట్లో ఎక్కడైనా కంత పడితే ఇంకో మొక్క నాటి పెరిగే దాకా ఆగడం అబ్బకు నచ్చేది కాదు. పక్కన ఉన్న కొమ్మను మొదట్లో ముక్కాలు వంతు నరికి, మిగిలిన బెరడు తెగకుండా మెల్లగా వంచి ఆ కంతకు అడ్డంగా పడుకోబెట్టి కట్టేసేవాడు. అది చావదు. వాన పడగానే ఆ పడుకున్న కొమ్మ పొడుగునా నిలువుగా చిగుళ్ళు లేస్తాయి. నాకది ఏదో మాయలా ఉండేది.

అది అబ్బ సొంత తెలివి అనుకుంటూ ఉండిపోయాను, 2006 దాకా. ఆ చలికాలం ఆఫీసు పని మీద ఇంగ్లాండులో, లీసెస్టర్ దగ్గర ఉన్నాను. ఆదివారం నడుచుకుంటూ పోతుంటే పొలం గట్టు మీద ఒక పెద్దాయన అచ్చం అదే పని చేస్తున్నాడు. హాథార్న్ అని అక్కడి ముళ్ళచెట్టు, దాని మొదలు దాదాపు తెగేదాకా నరికి, ఏటవాలుగా వంచి, పక్కదాని మీద పడుకోబెడుతున్నాడు. చేతిలో కత్తి చూసి నిలబడిపోయాను, మా మచ్చుకత్తికి తమ్ముడు. బిల్‌హుక్ అంటారట. అలా వంచిన కొమ్మను ప్లీచర్ అంటారు, మూరెడుకు ఒకటి గూటం దిగ్గొడతారు, పైన సన్నటి బెత్తాలను జడలా అల్లుకుంటూ పోతారు. అల్లిక అంత ముచ్చటగా ఉంటే, ఇదంతా ఎందుకని అడిగాను. ఎద్దులు తోస్తాయి, అందుకే అన్నాడు. కంప గుబురంతా పశువులుండే వైపు ఉంచి, గూటాలు ఇటువైపు వేస్తారు. మొదలు ఇటు, కొన అటు! మార్చిలోపల ముగించేయాలి, తర్వాత పిట్టలు గూళ్ళు పెడతాయి అన్నాడు. నేను అబ్బ గురించి చెప్పబోయాను గానీ నా ఇంగ్లీషుకు సీమచింత దగ్గరే బ్రేక్ పడింది. ఆయన మాత్రం కత్తి నా చేతికిచ్చి ఒక కొమ్మ నరకమన్నాడు. పూర్తిగా తెగ్గొట్టాను. ఏమీ అనలేదు పాపం, ఆ కొమ్మను మంటలో పడేశాడు.

అబ్బకంటే ముందు తరంలో మా చేల చుట్టూ నాగజెముడు ఉండేదని అవ్వ చెప్పేది. ఆ ఎర్ర పండ్లు తిని నాలుక ఎర్రగా చేసుకుని, నెత్తురు కక్కుతున్నట్టు చిన్నపిల్లల్ని భయపెట్టేవాళ్ళట. తర్వాత దూది లాంటి తెల్ల పురుగు పట్టి చేలకు చేలే ఎండిపోయిందని, ఎవరో దిష్టి పెట్టారని ఆవిడ నమ్మకం. నేను చాలా ఏళ్ళకు చదివింది ఏమిటంటే, నాగజెముడు అదుపు తప్పి పొలాలు ఆక్రమిస్తుంటే, దాన్ని చంపడానికే 1926లో సిలోను నుంచి ఆ పురుగును మద్రాసు రాష్ట్రానికి తెప్పించి వదిలారు. అవ్వ ఉండగా తెలిసుంటే బాగుండు. దిష్టి పెట్టింది సర్కారని చెప్పేవాణ్ణి.

ఇక్కడిదాకా రాశాక అసలు విషయం దాటేయలేను. అదే సర్కారు తుమ్మ. చిల్లకంప అనండి, పిచ్చి తుమ్మ అనండి, ఊరికో పేరు. మెక్సికో ప్రాంతాల చెట్టు. వంటచెరకు కోసమని, ఎండు నేలలకు పనికొస్తుందని తెప్పించి, మన దేశంలో మొట్టమొదట నాటిన చోట్లలో ఒకటి ఎక్కడో తెలుసా? మా కమలాపురం. 1877లో. ధాత కరువు నడుస్తున్న రోజులు. ఈ విషయం మొదటిసారి చదివినప్పుడు కుర్చీలో నుంచి లేచి ఇంట్లో అటూ ఇటూ తిరిగాను. దేశంలో ఇంత జాగా ఉండగా మా పక్కూరేనా అని ఒక పక్క నవ్వు, ఒక పక్క కడుపుమంట.

అబ్బ దాన్ని కంచెకు రానిచ్చేవాడు కాదు. దాని ముల్లు గుచ్చుకుంటే చీము పడుతుందని ఒకటి, దాని కాయ మంచిది కాదని ఒకటి. కాయ తియ్యగా ఉంటుంది, మేకలు ఎగబడి తింటాయి. ఆకు మాత్రం ముట్టవు, చూడండి దాని తెలివి. తిన్న గింజ పేడలో, పెంటికల్లో చెక్కుచెదరకుండా బయటికొచ్చి, మేక ఎక్కడ తిరిగితే అక్కడ మొలుస్తుంది. కానీ అబ్బ మోకాళ్ళు పోయాయి, మామ కాలం చేశాడు, చేలన్నీ శెనక్కాయకని గట్ల మీది తుమ్మలూ రేగులూ కొట్టేశారు. చిన్నాయనకు కంప ఎక్కడ దొరుకుతుంది? ఏట్లో కావలసినంత చిల్లకంప. రెండు రోజుల్లో ఆరెకరాలూ చుట్టేశాడు. ఎనిమిది రోజుల పని రెండు రోజుల్లో! ఆ ఏడు మా కంచె చూసి ఊళ్ళో అందరూ అదే వేశారు.

నాలుగైదేళ్ళు చాలా గొప్పగా ఉంది. తర్వాత కంచె నడవడం మొదలుపెట్టింది. ఎండు కంపకున్న కాయలు రాలి మొలిచాయి, మొలిచినవి నరికితే మొదటి నుంచి పది లేచాయి, ప్రతి ఏడూ గట్టు రెండు మూరలు చేలోకి జరుగుతూ వచ్చింది. గొర్రు తిరగదు, ఎద్దు కాళ్ళలో ముళ్ళు, నీడ పడి కింద ఏమీ పండదు. అబ్బ చివరి రోజుల్లో మంచం చేలోకి వేయించుకుని పడుకునేవాడు. నేను ఇంజనీరింగు సెలవులకు వెళ్ళినప్పుడు ఆ పొదల వైపు చెయ్యి చూపించి, "కంచె చేను మేసె అంటారు గదరా, వట్టి మాటనుకుంటి" అన్నాడు. కోపం కూడా లేదు గొంతులో. వింతను చూపించినట్టు చూపించాడు.

చిన్నాయన మీద తప్పు వేయలేను. కరువు ఏళ్ళలో ఆ చిల్లకంపే బొగ్గుల బట్టీల వాళ్ళకు అమ్మి ఇంట్లో పొయ్యి వెలిగించాడు, నా హాస్టలు ఫీజులో కూడా కొంత ఆ బొగ్గు డబ్బు ఉంది. కాబట్టి ఆ చెట్టును నేను తిడితే నోరు కొంచెం తడబడుతుంది.

పోయిన శ్రావణంలో ఊరికెళ్ళాను. చిన్నాయన కొడుకు, మా తమ్ముడు, జేసీబీ పెట్టించి మొత్తం పీకించేశాడు. కడప బండలు నిలువుగా చీల్చి పాతి, నాలుగు వరసల ఇనుప తీగ లాగాడు. నీటుగా ఉంది. అడవి పందులు వస్తున్నాయని ఇంకో వరస కూడా వేయిస్తానన్నాడు. వేపచెట్టు దగ్గర మాత్రం మధ్య రెండు తీగల్ని ఎవరో సంచి దారంతో ముడేసి పైకి కట్టేశారు, మనిషి వంగి దూరేంత. "ఎన్నిసార్లు ఇప్పినా మళ్ళా కడతాండారన్నా" అన్నాడు తమ్ముడు విసుగ్గా. పంగల రాట ఉన్న చోటు సరిగ్గా అదే. నేను కూడా దాంట్లో నుంచే దూరాను, చొక్కా వీపు మీద చిరిగింది.

లోపల శెనక్కాయ చేను బాగా ఉంది. పాత కంచె ఉన్న గీత ఇప్పుడు చేలోకి వచ్చేసింది కదా, అక్కడ మాత్రం తూర్పు నుంచి పడమటికి బారెడు వెడల్పున నల్లగా, ఏపుగా, మోకాళ్ళ దాకా పచ్చగా లేచి ఉంది. అబ్బా మామా ఏటేటా పరిచిన తుమ్మా, రేగూ, బలుసూ చెద తిని మట్టయిన చోటు అది. నాకు గొంతు అడ్డం పడింది. ఫోన్ తీసి ఫోటో కొట్టుకుంటుంటే తమ్ముడు ఒక చెట్టు పీకి, మట్టి దులిపి నా మొహం ముందు పెట్టాడు.

"ఆడ ఎరువు ఎక్కువైందన్నా. అంతా ఆకే, కాయ ల్యాదు."